గ్రహణం నాటి పరేడ్

"నా ఖాకీ డ్రెస్సు ఏడ బెట్టినవే అమ్మా?"

చంద్రకళ ఇలా అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి మామూలుగా అడిగింది. రెండోసారి పెట్టె మూత ఎత్తి పట్టుకుని అడిగింది. మూడోసారి దండెం మీది బట్టలన్నీ కిందికి లాగి అడిగింది. ఇప్పుడు తల్లికి ఎదురుగా వచ్చి నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. ఆ పిల్ల గొంతు తగ్గిందంటే కోపం నెత్తికెక్కిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

రామేశ్వరమ్మ ఇత్తడి తాంబాళంలో పసుపు నీళ్ళు పోసి, అందులో రోకలిని నిలబెట్టే ప్రయత్నంలో ఉంది. గ్రహణం పట్టాక రోకలి దానంతట అదే నిలబడుతుందనీ, విడిచాక పడిపోతుందనీ ఆమె నమ్మకం. ఇంకా పన్నెండైనా కాలేదు. పట్టేది రెండు దాటాక. రోకలికి తొందరేమీ లేదు, తొందరంతా రామేశ్వరమ్మదే.

"నాకేం తెల్సు. నీ డ్రెస్సుకు నేను కావలున్ననా?"

"నిన్న ఉతికి, గంజి పెట్టి, దండెం మీద ఆరేసిన. పొద్దుగాల సూస్తే లేదు. రెక్కలొచ్చినయా దానికి?"

"వచ్చినయేమో. మీ టీచరమ్మ ఆకాశం ముచ్చట్లు బాగ చెప్తది గద. ఆమెనడుగు."

కురుమూర్తి గోడవార కూర్చుని, మగ్గం మీద అటూ ఇటూ దారం పరుగెత్తించే నాడెలు తుడుస్తున్నాడు. తుడిచిన నాడెనే మళ్ళీ తుడుస్తున్నాడు. తల్లికీ చెల్లెలికీ మాట పెరిగినప్పుడల్లా ఆయన చేతికి ఏదో ఒక పని దొరుకుతుంది.

"అన్నా, నువ్వన్న చెప్పు. నీకు తెల్సా?"

"నన్నెందుకు లాగుతవే" అన్నాడు కురుమూర్తి, నాడె మొహంలోకి చూస్తూ.

కురుమూర్తి పెళ్ళాం అలివేలుకు తెలుసు. పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లి లోపలికి వస్తూ కళ్ళారా చూసింది. అత్త ఆ డ్రెస్సును మడిచి, మగ్గం మీద పడుగుకు కప్పిన పాత దుప్పటి కిందికి దోపింది. దోపి, దుప్పటి మీద నాలుగు గరికపోచలు పరిచింది. గ్రహణం నాడు గరిక వేసి కప్పిన మగ్గాన్ని విడుపు స్నానం అయ్యేదాకా నేత ఇళ్ళలో ఎవరూ ముట్టరు. చంద్రకళ ఇల్లు పీకి పందిరేస్తుంది కానీ ఆ దుప్పటి మాత్రం ఎత్తదు. ఎంత ఎన్.సి.సి. పిల్ల అయినా గద్వాల మగ్గం పక్కన పుట్టిన పిల్లే. కన్నతల్లి ఆ సంగతి తెలిసే దాచింది.

చెప్పాలా వద్దా అని అలివేలు ఆలోచించడం లేదు. ఆమె దిగులు వేరే. తెల్లారి లేచినప్పటి నుంచీ కడుపులో బిడ్డ కదలలేదు.

ఎనిమిదో నెల పడి పది రోజులైంది. రోజూ చాయ్ గొంతు దిగీ దిగకముందే కుడి డొక్కలో ఒక తాపు తగిలేది. ఈ రోజు చాయ్ తాగింది, తగల్లేదు. ఎడమ పక్కకు ఒరిగి చూసింది. వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది. ఏడాదిన్నర కింద కూడా ఇలాగే, ఇదే ఎనిమిదో నెలలో, ఒకనాడు కదలిక ఆగింది. రెండు రోజుల తరువాత దవాఖానలో చచ్చిన బిడ్డను గుడ్డలో చుట్టి చూపించారు.

అప్పుడు కూడా దానికి ముందొక గ్రహణం వచ్చింది.

ఈ మాట ఇప్పుడు బయటపెడితే ఏమవుతుందో అలివేలుకు బాగా తెలుసు. అత్త తలుపులన్నీ మూస్తుంది. చంద్రకళ బయటికి వెళ్ళదు. అంతకు మించి జరిగేది ఏమీ లేదు. ఊరు అప్పుడే తలుపులు మూస్తోంది, గ్రహణం విడిచేదాకా ఒక్క రిక్షా కదలదు, ఏ మనిషీ గడప దాటడు. సాయంత్రం దాకా ఎటూ ఆగాల్సిందే. ఒకవేళ పిల్లాడు ఊరికే నిద్రపోతున్నాడేమో. పిల్లలు నిద్రపోరా ఏంది. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె పొద్దటి నుంచి కూర్చుని ఉంది.

"సూడు చంద్రకళా" అంది రామేశ్వరమ్మ, రోకలిని గోడకు ఆనించి. "ఊరంతా తలుపులేసుకుంటుంటే నువ్వొక్కదానివి బయట నిలబడి సూర్యునికి సలాం కొడ్తవా? ఇంట్ల కడుపుతోని ఉన్న మనిషి ఉన్నది. గ్రహణం కింద తిరిగిన కాళ్ళతోని నువ్వు గడపల అడుగుపెడ్తే ఆ నీడ ఎవరి మీద పడ్తది?"

"నీడ కాళ్ళకు అంటుకోదమ్మా. సూర్యునికి మనకు నడిమిట్ల చంద్రుడు అడ్డమొస్తడు. రెండున్నర నిమిషాలు శీకటైతది. గంతే."

"పోయినేడు ఆకాశంలకెళ్ళి స్కైలాబు పడ్తదన్ననాడు గూడ గిట్లనే గంతే అన్నవు."

"పడ్డదా మన మీద? నువ్వే గదా, ఎట్లనో పోయేటోళ్ళమేనని ఇంట్ల ఉన్న రెండు కోళ్ళు కోయిస్తివి. కోళ్ళే పాయె, మనమున్నం."

కురుమూర్తికి నవ్వొచ్చింది. తల్లి వైపు చూసి మింగేశాడు.

చంద్రకళ పోయిన ఏడాది ఎనిమిదో తరగతిలో ఎన్.సి.సి.లో చేరింది. ఆడపిల్లల హైస్కూల్లో ఆ దళం కొత్తగా పెట్టారు. ఫారం మీద సంతకం చేసింది తండ్రి సీతారాములే. చేసిన మూడు నెలలకు ఆయన పోయాడు. పోయినవాడు పెట్టిన సంతకం కాబట్టి రామేశ్వరమ్మ దాని జోలికి వెళ్ళలేదు. పిల్ల పొద్దున్నే లేచి కోట చుట్టూ పరుగెత్తుతుంటే ఊరుకుంది. వనపర్తి క్యాంపుకు పది రోజులు పోయి, మోకాళ్ళు చెక్కుకుపోయి, భుజాన మూడు పట్టీలతో సార్జంటునయ్యానని వస్తే, పట్టీలు చూసి లోలోపల మురిసింది కూడా. ఆకాశం పాఠాల జోలికి ఆమె ఎప్పుడూ పోలేదు. ఆకాశం ఇంట్లోకి వస్తుందని ఆమె అనుకోలేదు మరి.

వాకిట్లో సైకిల్ ఆగిన చప్పుడైంది.

అమృతమ్మ టీచరు. సైన్సు చెప్పేదీ ఆమే, పిల్లలతో పరేడ్ చేయించేదీ ఆమే. సైకిల్ హ్యాండిల్‌కు సంచి, సంచిలో తెల్లగుడ్డ చుట్ట. లోపలికి రాకుండా గడప బయటే నిలబడింది.

"రామేశ్వరమ్మా, బాగున్నవా?"

"బాగుంటమని తలుపులేసుకుంటున్నం."

టీచరు ఆ మాటను విననట్టే ఉండిపోయింది. "చంద్రకళను అడిగిపోదామని వచ్చిన. నలభై మందిల ఇప్పటికి పద్నాలుగు మందే వస్తమన్నరు. ఆ పద్నాలుగు మంది తల్లులు గూడ ఒక్కటే మాట, మీ చంద్రకళ వస్తే పంపిస్తం అని. సూర్యుని దిక్కు ఎవ్వరూ సూడరు. అట్టకు చిల్లుపెట్టి, ఆ వెలుగును తెల్లగుడ్డ మీద పట్టి సూస్తం. ఎండ ఎంత తగ్గిందో, పిట్టలు ఎప్పుడు గూటికి పోయినయో రాసుకుంటం. మళ్ళ ఈ ఊరి మీదికి గిసొంటి గ్రహణం ఎన్నేండ్లకొస్తదో తెల్వదు."

"రాకుంటేనే మంచిది."

"మహబూబ్‌నగర్ ఆఫీసుకు ఇయ్యాల్టి హాజరు పంపియ్యాలె. పిల్లలు రాకపోతే ఈ దళం నడుస్తదని నేను చెప్పలేను. ఆడపిల్లలకు ఎందుకివన్నీ అనెటోళ్ళు ఆడ గూడ ఉన్నరు."

"ఆ మాటన్నది ఎవరో గని సక్కగ అన్నరు."

"అమ్మా" అంది చంద్రకళ.

"నువ్వాగు. టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్ళు. మీకు ఎదురు చెప్పేంత దాన్ని గాను. గని ఒక బిడ్డను మట్టి చేసినం ఈ ఇంట్ల. కడుపుల మోసి, కన్నోళ్ళకు తెలుస్తది ఆ బాధ. మీకేం తెలుస్తది?"

అమృతమ్మకు పిల్లలు లేరు. ఆ సంగతి గద్వాలలో తెలియనివాళ్ళూ లేరు.

కురుమూర్తి చేతిలో నాడె ఆగింది. అలివేలుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ మాట అన్నది అత్త, అనిపించింది మాత్రం తన కడుపు. టీచరు కాసేపు హ్యాండిల్ మీది సంచిని సర్దింది. సర్దాల్సిందేమీ లేదు అందులో.

"ఒంటిగంటన్నర దాకా స్కూలు గేటు కాడుంట" అంది చివరికి, చంద్రకళతో. "వస్తే సరే. రాకపోతే మిగతా పిల్లల్ని ఇండ్లకు పొమ్మని చెప్త. నీ మీద కోపమేమీ ఉండదు."

సైకిల్ వెళ్ళిపోయింది.

కోపం ఉండదన్న ఆ మాటే చంద్రకళను కుంగదీసింది. తిట్టి ఉంటే నయం. మగ్గం గుంత అంచున కూలబడి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుంది. ఏడవలేదు. వనపర్తి నుంచి వచ్చాక ఆ పిల్ల ఏడుపు తగ్గించింది.

"డ్రెస్సు లేకున్నా పోత. లంగా వోణీ మీదనే పోత."

"పో. ఎవరొద్దన్నరు?" రామేశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "గని నీ వదినెను అడిగి పో. కడుపు ఆమెది, బిడ్డ ఆమె బిడ్డ. అలివేలూ, చెప్పవే. నీ ఆడబిడ్డ గ్రహణంల తిరిగొస్తనంటుంది. నీకిష్టమేనా?"

ముగ్గురూ అలివేలు వైపు తిరిగారు.

ఇదీ అత్త తెలివి. తాను కాదంటే కూతురితో తగువు. కోడలితో కాదనిపిస్తే తగువే ఉండదు. వదినా ఆడబిడ్డలు ఒకే మగ్గం మీద చెరో అంచూ పట్టుకుని నేసేవాళ్ళు. చంద్రకళ ఈ ఇంట్లో ఎవరి మాటైనా కాదంటుంది కానీ వదిన మాట కాదనదు.

"అలివేలూ, నీకెట్లనిపిస్తే గట్ల చెప్పు" అన్నాడు కురుమూర్తి. అదేదో గొప్ప సాయం చేసినట్టు మళ్ళీ నాడె అందుకున్నాడు.

వద్దు అంటే చాలు. రెండక్షరాల మాట. ఆ మాట అనేస్తే ఏం జరిగినా తన మీదికి రాదు. కడుపులో బిడ్డ ఇంకా కదలనే లేదు. అది నిజంగానే కదలకపోతే, సాయంత్రానికి ఈ ఇంట్లో వేలు ఎవరి వైపు చూపిస్తారు? పోయినసారి, ఎవరూ అనకున్నా, తన మనసే తన వైపు చూపింది. ఈసారి ఈ పిల్ల వైపు. పదిహేనేళ్ళ పిల్ల, బిడ్డను చంపిన మేనత్త అనిపించుకుంటుంది. ఆ మాట మోస్తూ బతకడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

మరి పోవద్దంటే? పోవద్దన్నా బిడ్డ కదలకపోతే?

అప్పుడు అలివేలుకు ఒకటి తట్టింది. బిడ్డ ఆగింది పొద్దున. గ్రహణం ఇంకా పట్టనే లేదు. ఈ పిల్ల ఇంకా గడప దాటనే లేదు. సాయంత్రం వేలు చూపించేవాళ్ళకు ఆ మాట తానే చెప్పగలదు.

ఆమె గోడ పట్టుకుని లేచింది. మగ్గం దగ్గరికి నడిచింది. గరికపోచలను పక్కకు తీసి దుప్పటి అంచు ఎత్తింది. మడత పెట్టిన ఖాకీ డ్రెస్సు, దాని మీద ఎర్రకుచ్చు టోపీ.

"అలివేలూ" అంది రామేశ్వరమ్మ.

"ఇగో. ఏసుకోని పో. టైమైతుంది."

"మగ్గం ముట్టినవా? గరిక తీసినవా నువ్వు?"

"గ్రహణం ఇంక పట్టలే గద అత్తమ్మా. పట్టకముందే తీసిన."

చంద్రకళ డ్రెస్సు వేసుకుంది. అలివేలే బెల్టు సర్దింది. దానికి పెట్టింది మగ్గం మీది పడుగు దారాలకు పెట్టే గంజే. చొక్కా అట్టలా నిలబడింది.

"వదినా" అంది చంద్రకళ చెవి దగ్గర. "లోపల మంచిగనే ఉన్నదా? నిజం చెప్పు. లేకుంటే నేను పోను."

"మంచిగనే ఉన్నది."

"తంతుండా?"

"తంతుండు. పో."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి అలివేలే భయపడింది.

రామేశ్వరమ్మ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. "ఇను. పోతే పో. గని కాన్పు అయ్యేదాక ఈ గడప తొక్కద్దు. విడుపు స్నానం గీడుపు స్నానం ఏం పనికిరాదు. అచ్చంపేటల మీ మేనమామ ఇల్లున్నది, ఆడ ఉండు. మీ టీచరమ్మ ఇంట్ల ఉంటవో, ఉండు. నా మనుమడు భూమ్మీద పడ్డంకనే లోపలికి."

చంద్రకళ తల్లి మొహం చూసింది. అన్న వైపు చూసింది. అన్న నాడె చూస్తున్నాడు.

"సరే" అంది. తల ఎత్తుకునే బయటికి నడిచింది. సందు మలుపు దాకా మామూలుగా నడిచి, మలుపు దాటగానే పరుగెత్తిన చప్పుడు వినపడింది.

రెండు గంటలకు ఊరు సద్దుమణిగింది. రామేశ్వరమ్మ కోడలిని వెనక అర్రలో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కాళ్ళు చాపి, చేతులు పక్కన పెట్టి, వేలు మడవకుండా, గోరు గీకకుండా విడిచేదాకా అలాగే ఉండాలి. తలుపు మూసింది. వెలుతురు కోసం పైన మిద్దెకు పెట్టిన గవాచిని కురుమూర్తి గోనెసంచితో కప్పి, రాయి పెట్టి దిగాడు. ముందు గదిలో ఆయన, వెనక అర్రలో అత్తా కోడళ్ళు.

"కదలకు బిడ్డా. దురదొచ్చినా కదలకు. నాకు చెప్పు, నేను గీకుత."

అత్త అలా అంటుంటే అలివేలుకు కోపం రాలేదు. ఆ మనిషి పొద్దటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

గంట గడిచింది. కడుపులో ఏమీ లేదు. కదలకూడదని పడుకున్న తల్లి లోపల కదలని బిడ్డ. ఒక్కసారి తన్నితే చాలు, ఈ ఇంటి గోడలు దాటేటట్టు నవ్వుతాను అనుకుంది.

"అలివేలూ" అంది రామేశ్వరమ్మ ఉన్నట్టుండి. "గదేంది?"

గోనెసంచికి ఎలుకలు కొట్టిన చిల్లులున్నాయి. వాటిలోంచి ఎండ నేల మీద పడుతోంది. ఎప్పుడూ అయితే గుండ్రంగా పైసా బిళ్ళల్లా పడాలి. ఇప్పుడు ప్రతి చుక్కా కొడవలిలా వంగి ఉంది. పది పన్నెండు కొడవళ్ళు, అన్నీ ఒకే వైపు తిరిగి, మెల్లగా చాప వైపు జరుగుతున్నాయి.

"సూర్యుడే అత్తమ్మా. చంద్రకళ మొన్న అట్టకు చిల్లుపెట్టి చూపెట్టలేదా? సన్న చిల్లిలోంచి సూర్యుని బొమ్మనే పడ్తది. గ్రహణం పట్టిన సూర్యుడు గట్ల ఉన్నడు ఇప్పుడు."

"అంటే గ్రహణం ఇంట్లకొచ్చిందా?"

రానే వచ్చింది మరి. తలుపులు మూసి, మిద్దె కప్పి, కన్నకూతురిని బయటికి తోసి కాపాడుకున్న అర్రలోకి పైనుంచి దిగింది. మొదటి కొడవలి చాప అంచు ఎక్కింది. తరువాత అలివేలు చెయ్యి. తరువాత కడుపు.

"జరుగు, జరుగు" అంది రామేశ్వరమ్మ. వెంటనే, "వద్దు వద్దు, కదలకు." లేచింది. గవాచి అందదు. కొడుకును పిలిస్తే వాడు గ్రహణంలో మిద్దె ఎక్కాలి. కదిలితే ఒక దోషం, కదలకపోతే ఒక దోషం. ఆమె ఏ పెద్దల దగ్గరా ఇటువంటిదానికి ఉపాయం వినలేదు.

చివరికి ఆమె కోడలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ అవతల నేలకు ఆనించి, కడుపుకు అడ్డంగా వంగింది. కొడవళ్ళన్నీ ఆమె వీపు మీద పడ్డాయి.

"అత్తమ్మా, నడుము పట్టుకుంటది. లెవ్వండి."

"పట్టుకోనీ. ముసలి నడుము, దీనికేమైతది."

ఆ చేతుల మధ్య పడుకుని అలివేలు తట్టుకోలేకపోయింది. ఏడాదిన్నరగా గొంతులో ఉన్నది బయటికి వచ్చింది.

"పోయినసారి చంద్రగ్రహణం నాడు నేను పోగు అతికిన అత్తమ్మా. నీళ్ళు తాగుదామని లేచిన. మగ్గం మీద దుప్పటి జారి ఉండె. తెగిన పోగు ఒకటి ఏలాడుతుండె. నేను కావాలని చెయ్యలే. చేతి ఏళ్ళే పోయి అతికినయి. అతికినంక తెలివికొచ్చిన."

నేసేవాళ్ళ వేళ్ళు అంతే. తెగిన పోగు కనపడితే మనసును అడగవు.

వెలుగు పలచబడింది. బయట కాకులు ఒక్కసారిగా అరిచి ఆగిపోయాయి.

"నాకు తెల్సు" అంది. "ఆనాడు నేను మేలుకోనే ఉన్న. సూసిన."

"సూసి ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏమొస్తది? నా కొడుకు నిన్ను ఎట్ల సూస్తుండెనో. నలుగురు నాలుగు తీర్ల అంటుండిరి. నా నోట్లనే పెట్టుకున్న."

"మరి మీరేమనుకున్నరు అత్తమ్మా? నేనే సంపిన అనుకున్నరా?"

వీపు మీది కొడవళ్ళు సన్నబడి, దారంలా మిగిలి, ఆరిపోయాయి. అర్రలో చీకటి పడింది. ఎక్కడో కుక్క ఒకటి మొరగబోయి మానుకుంది. ఆ చీకట్లో రామేశ్వరమ్మ జవాబు చెప్పలేదు.

చెప్పి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. ఏడాదిన్నర పాటు కంచంలో వేడన్నం పెట్టి, తలకు నూనె రాసి, బిడ్డా బిడ్డా అని పిలిచిన మనిషి ఆ ఒక్క మాటను లోపల పెట్టుకునే అదంతా చేసింది. ప్రేమ అబద్ధం కాదు. ఆ మాటా అబద్ధం కాదు. అలివేలు కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోవడానికి చెయ్యి కదపకూడదు.

అంత నిశ్శబ్దంలో దూరం నుంచి ఒక గొంతు వినపడింది. స్కూలు మైదానం రెండు సందుల అవతలే.

"సావ్‌ధాన్."

చంద్రకళ గొంతు. వెనకే పిల్లల కాళ్ళు ఒక్కసారిగా నేలను తాకిన చప్పుడు. చీకటికి ఎవరో చిన్నపిల్ల బెదిరినట్టుంది, ఏడుపు వినిపించింది. ఆ గొంతే మళ్ళీ, ఈసారి మెల్లగా, "ఎవ్వరు లైను ఇడువద్దు. పక్కదాని చెయ్యి పట్టుకోండ్రి. నేనీడనే ఉన్న."

రామేశ్వరమ్మ కూడా వింది. వంగిన వీపు ఒక్కసారి ఎగిరిపడింది. ఏడ్చిందో, నవ్విందో ఆ చీకట్లో తెలియలేదు.

అయిదు గంటలకు గ్రహణం విడిచింది. రామేశ్వరమ్మ బావి దగ్గర తలస్నానం చేసి, ఇల్లంతా నీళ్ళు చల్లింది. కురుమూర్తి స్నానం చేసి వచ్చి మళ్ళీ నాడె పట్టుకున్నాడు. అలివేలును కూర్చోబెట్టి తలమీద చెంబుడు నీళ్ళు పోశారు. చన్నీళ్ళు తగిలినా లోపల ఏ కదలికా లేదు.

చంద్రకళ వచ్చింది. దారిలో ఎవరింట్లోనో తలస్నానం చేసింది కాబోలు, తడిసిన జుట్టు, ఖాకీ చొక్కా భుజాల దాకా తడి. గడప ముందు ఆగింది.

"వదినా, పద్నాలుగు గాదు, పంతొమ్మిది మంది వచ్చిన్రు" అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. తల్లిని చూశాక కానీ ఆ వెలుగు తగ్గలేదు. "బట్టలు తీస్కపోత అమ్మా. లోపలికి రాను. ఈడికి అందియ్యి."

రామేశ్వరమ్మ ద్వారబంధానికి అడ్డంగా చెయ్యి చాచి నిలబడింది. "కురుమూర్తీ, దాని పెట్టె తెచ్చి బయటబెట్టు."

"చంద్రకళా" అని పిలిచింది అలివేలు. గోడ పట్టుకుని ముందు గదిలోకి నడిచి వచ్చింది. "పొద్దుగాల్ల నుంచి బిడ్డ కదుల్తలేదు."

చంద్రకళ మొహం తెల్లబోయింది. "తంతుండంటివి గద."

"అబద్ధమాడిన. తెల్లారి లేచినప్పటి సంది లేదు. నువ్వు పోకముందే లేదు. గ్రహణం పట్టకముందే లేదు. అందరు ఇనుండ్రి."

ముందు తేరుకున్నది ఆ పిల్లే.

"అన్నా, నాడె కిందబెట్టు. సందు చివర బాలన్న రిక్షా ఉన్నది. ఇంటి ముందలికే తీస్కరా, ఉరుకు. వదినా, నువ్వు నిలబడకు. ఎడమ పక్కకు ఒరిగి పండు. నేనొచ్చి లేపుత. అమ్మా, జరుగు."

రామేశ్వరమ్మ కూతురి మాట విన్నట్టు లేదు. కోడలినే చూస్తోంది.

"పొద్దుగాల్ల నుంచే అయితే నాకెందుకు చెప్పలే?"

"చెప్తే దీన్ని పోనియ్యకపోదురు" అంది అలివేలు. గోడను పట్టుకున్న వేళ్ళు జారుతున్నాయి. "పోనియ్యకున్నా గిట్లనే అయితుండె. గని అప్పుడు ఎవరు నమ్ముతుండిరి అత్తమ్మా? పోయినసారి లెక్కనే, మీ మనసుల నామీదికే వస్తుండె."

"దానికోసమని నా మనుమణ్ణి దాచినవా?"

అలివేలు దగ్గరున్న ఒక్క అబద్ధం మధ్యాహ్నమే అయిపోయింది.

కురుమూర్తి నాడె కింద పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, తల్లి వెనక ఆగాడు. బయటికి వెళ్ళడానికి దారి లేదు. బయటి పిల్ల లోపలికి రావడానికీ లేదు.

"అమ్మా, చెయ్యి తియ్యి" అన్నాడు. ఆ రోజంతటికీ ఆయన తల్లికి ఎదురుగా అన్న మొదటి మాట అది.

గడప అవతల, గ్రహణం కింద తిరిగిన ఆ కాళ్ళనే చూస్తూ రామేశ్వరమ్మ చెయ్యి తియ్యలేదు.